మలయా తోటల్లో పాలు విరిచే విద్య

రబ్బరు చెట్టుకు గీత పెట్టాలంటే తెల్లవారకముందే లేవాలి. చల్లటి పూట చెట్టు లోపల ఒత్తిడి ఎక్కువ, పాలు ధారగా దిగుతాయి. ఎండెక్కాక ధార సన్నబడుతుంది. విశాఖ, గోదావరి జిల్లాల నుంచి కంగాణీల (కూలీలను కూడగట్టి తీసుకెళ్లే మేస్త్రీల) వెంట మలయా చేరిన తెలుగు కూలీలు తమిళులతో పాటు ఈ పనిలో పడ్డారు. మలయాకు కూలీలను పంపడాన్ని 1938లో భారత ప్రభుత్వం ఆపేసేనాటికే అక్కడి తోటల్లో వాళ్ల పిల్లలు పెరుగుతున్నారు.

ఆ చెట్టూ వలస వచ్చిందే. 1876లో హెన్రీ విక్హమ్ బ్రెజిల్ నుంచి విత్తనాలను లండన్ చేర్చాడు. వాటి మొలకలు 1877లో సింగపూర్‌కు, అక్కడి నుంచి పెరాక్‌లోని క్వాలా కంగ్సార్‌కు వచ్చాయి. చెట్టు చావకుండా పాలు తీసే పద్ధతిని నిలబెట్టినవాడు సింగపూర్ వృక్షోద్యానం అధిపతి హెన్రీ రిడ్లీ. రబ్బరు వేయండంటూ వెంటపడేవాడని తోటల యజమానులు అతన్ని పిచ్చి రిడ్లీ అనేవారు.

అసలు విద్య పాల షెడ్డులో ఉండేది. సేకరించిన పాలను వడకట్టి, నీళ్లు కలిపి, పళ్లేల్లో పోసి కాస్త ఫార్మిక్ ఆమ్లం కలుపుతారు. నిమ్మరసం పిండితే పాలు విరిగినట్టే ఇవీ గడ్డకడతాయి. రెండింట్లోనూ కారణం దాదాపు ఒకటే: కణాల చుట్టూ ఉన్న ప్రొటీన్ల రుణావేశాన్ని ఆమ్లం తగ్గిస్తుంది. ఒకదాన్నొకటి తోసుకునే కణాలు అప్పుడు అతుక్కుంటాయి. ఆమ్లం చాలిందో లేదో అడుగున మిగిలిన నీళ్లే చెబుతాయి. తేటగా ఉంటే సరిపోయినట్టు, తెల్లగా ఉంటే ఇంకా రబ్బరు మిగిలినట్టు. ఎక్కువైతే గడ్డ గట్టిపడి రోలర్ల కింద మొరాయిస్తుంది.

దారిలోనే విరగకుండా పాలలో అమ్మోనియా కలిపితే లెక్క మారుతుంది. షెడ్డులో పోసిన ఆమ్లం ముందు దాన్ని తటస్థీకరిస్తుంది, ఆ తర్వాతే గడ్డకట్టడం మొదలు. కాబట్టి ఆమ్లం ఎక్కువ పోయాలి. పదో తరగతి పుస్తకంలోని తటస్థీకరణ చర్యే ఇది; ఇక్కడ మాత్రం తప్పు లెక్క వేస్తే ఒక రోజు సరుకు పాడవుతుంది.

చిత్రమేమిటంటే, చూడటానికి ఇంత పెద్ద మార్పయిన గడ్డకట్టడంలో రబ్బరు అణువు మారనే మారదు. నిజంగా దాన్ని మార్చేది గంధకం. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో వేడిచేసిన రబ్బరు ఎండకు జిగటపడదని, చలికి పెళుసెక్కదని కనిపెట్టాడు. గంధకం పొడవాటి అణువుల మధ్య వంతెనలు వేస్తుంది. టైర్ల పరిశ్రమ మొత్తం ఆ చర్య మీద నడిచింది, ఆ టైర్ల కోసమే మలయా అడవులు తోటలయ్యాయి.

1925లో మలయాలో రబ్బరు పరిశోధనా సంస్థ ఏర్పడింది. కూలీలు కంటితో పట్టిన కొలతలు అక్కడ ప్రయోగశాల లెక్కలయ్యాయి. నేటి మలేసియా గ్లవ్స్ ఫ్యాక్టరీల్లో రెండు చర్యలూ ఒకే వరుసలో జరుగుతాయి. చేతి ఆకారపు అచ్చును ముందు కాల్షియం నైట్రేట్‌లో, తర్వాత రబ్బరు పాలలో ముంచుతారు. కాల్షియం పాలను అచ్చు మీదే గడ్డకట్టిస్తే, పాలలో కలిపిన గంధకం ఓవెన్ వేడికి తన పని తాను చేస్తుంది.