కాణిపాకం బావి నుంచి పారిస్ రోడ్డు దాకా

మా కాణిపాకం స్థలపురాణంలో వినాయకుడి కంటే వికలాంగులే ముందొస్తారు అంటే మా ఊరి పెద్దలు నన్ను కొట్టొచ్చు. కానీ కథ ఒకసారి గుర్తు చేసుకోండి. ముగ్గురు అన్నదమ్ములు. ఒకడు గుడ్డి, ఒకడు మూగ, ఒకడు చెవిటి (పాత కథ కదా, పాత మాటలే వాడుతున్నా). కాస్త కాణి నేల సాగు చేసుకుని బతికేవాళ్ళు. బావి ఎండితే ఇంకా లోతుకి తవ్వారు. రాయి తగిలింది, రక్తం ఉబికింది, అది ఒంటికి తాకగానే ముగ్గురి లోపాలూ మాయం. ఆ రాయే స్వామి.

ఊరి పక్కన బాహుదా నదిదీ ఇదే వరస. అన్న శంఖుడి తోటలో అడక్కుండా పండు తిన్నందుకు లిఖితుడి చేతులు రాజు నరికించాడు. ఈ ఏట్లో మునిగితే చేతులు మళ్ళీ వచ్చాయి. బాహువులు ఇచ్చింది కాబట్టి బాహుదా. భారతం శాంతిపర్వంలోనూ ఉంది ఈ కథ.

అంటే మా ఊళ్ళో పరిష్కారం ఎప్పుడూ ఒకటే, ఒళ్ళు బాగుపడాలి. బాగుపడని వాళ్ళ సంగతేంటి అని ఎవరూ అడగలేదు. నాకు దానికి జవాబు సైకిల్ పందాల చరిత్రలో దొరికింది.

మనవాళ్ళు సైకిళ్ళతో ఒలింపిక్స్‌కి వెళ్ళింది 1948 లండన్, 1952 హెల్సింకి, 1964 టోక్యో. అంతే! తర్వాత ఒలింపిక్స్ సైక్లింగ్‌లో మన జెండా లేదు. సరిగ్గా 60 ఏళ్ళకి, 2024లో, ఇద్దరు భారతీయులు సైకిళ్ళు పట్టుకుని పారిస్‌లో దిగారు. అదీ పారాలింపిక్స్‌కి. ఒకరు ఆంధ్ర కుర్రాడు అర్షద్ షేక్, ఇంకొకరు మహారాష్ట్ర అమ్మాయి జ్యోతి గడేరియా. పారాలింపిక్స్ సైక్లింగ్‌లో మన దేశం తరఫున వీళ్ళే మొదటివాళ్ళు. ఇద్దరికీ శిక్షణ ఇచ్చింది హైదరాబాద్‌లోని ఆదిత్య మెహతా ఫౌండేషన్. ఆ ఆదిత్య మెహతా కూడా ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నవాడే. 2013లో ఢిల్లీలో జరిగిన ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు రజతాలు తెచ్చుకున్నాడు.

ఈ ఆట పారాలింపిక్స్‌లోకి 1984లో వచ్చింది. వెలోడ్రోమ్ పందాలు 1996 అట్లాంటా నుంచి, చేతులతో తొక్కే సైకిళ్ళు 2004 ఏథెన్స్ నుంచి. చూపు లేనివాళ్ళకి ఇద్దరు తొక్కే టాండెమ్, ముందు చూపున్న పైలట్ కూర్చుంటాడు. బాలెన్స్ లేనివాళ్ళకి మూడు చక్రాలది. మామూలు సైకిల్ తొక్కేవాళ్ళకి సి1 నుంచి సి5 దాకా క్లాసులు, అంకె తగ్గేకొద్దీ వైకల్యం ఎక్కువ. అర్షద్ సి2.

ఇంజనీరు బుర్రలకి నచ్చే విషయం ఒకటి చెప్తా. వెలోడ్రోమ్‌లో కిలోమీటరు టైమ్ ట్రయల్‌లో సి1, సి2, సి3 వాళ్ళని కలిపేస్తారు. కానీ ఒక్కో క్లాసుకి ఒక్కో గుణకం ఉంటుంది. గడియారం చూపించిన టైమ్‌ని దాంతో గుణించాకే స్థానాలు ఇస్తారు. మన భాషలో నార్మలైజేషన్. రోడ్ రేస్‌కి మాత్రం ఈ సౌకర్యం లేదు. మూడు క్లాసులూ ఒకేసారి బయల్దేరతాయి, ముందు గీత దాటినవాడే విజేత. ఒంటికాలితో తొక్కేవాడు రెండు కాళ్ళ సి3 వాడి వెనక పడితే ఆశ్చర్యమేముంది? ఆ రోడ్ రేస్ పారిస్ శివారు క్లిషీ-సూ-బువాలో జరిగింది 2024 సెప్టెంబర్ 7న. ఆ రోజు వినాయక చవితి, మా ఊళ్ళో 21 రోజుల బ్రహ్మోత్సవాలు మొదలయ్యే రోజు! మనకి పతకం రాలేదు. నాకైతే అక్కడిదాకా వెళ్ళడమే పెద్ద సంగతి అనిపిస్తుంది.

ఎందుకంటే ఆ వెళ్ళడం అంత తేలిక కాదు. పారాలింపిక్స్ బెర్తులకి పనికొచ్చే పాయింట్లు అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం గుర్తించిన పోటీల్లోనే వస్తాయి, వాటిలో చాలా భాగం బయటి దేశాల్లోనే. సైకిల్ పెడల్స్, హ్యాండిల్, చక్రాలు విప్పి పెట్టెలో సర్దాలి. అక్కడ దిగాక మిల్లీమీటర్ తేడా రాకుండా మళ్ళీ బిగించాలి. ఇదంతా ఏ టీమ్‌కైనా ఉండేదే. కాలు లేని రైడర్‌కి ఇంకో లగేజీ కూడా ఉంటుంది, కృత్రిమ కాలు. పందెంలో దాన్ని చాలామంది తీసేసి ఒంటికాలితోనే తొక్కుతారు. కానీ విమానం దాకా నడవాలంటే అది ఉండాల్సిందే. గంటల తరబడి కూర్చుంటే మిగిలిన కాలు వాచి, సాకెట్ బిగుసుకుంటుంది.

ఇక సెక్యూరిటీ. ఆన్‌సైట్‌కి పోతూ లాప్‌టాప్ తీసి ట్రేలో పెట్టమంటేనే మనం విసుక్కుంటాం. వీళ్ళని కాలు తియ్యమంటారు. 2016 అక్టోబర్‌లో బెంగళూరు ఎయిర్‌పోర్టులో ఆదిత్య మెహతా చేత కృత్రిమ కాలు తీయించారు, హడావిడిగా మళ్ళీ తొడుక్కునేసరికి రక్తం కారింది. ఆయన చెప్పాక పేపర్లలో వచ్చింది, అందరం అయ్యో అన్నాం, మర్చిపోయాం. అయిదేళ్ళకి, 2021 అక్టోబర్‌లో, మన 'మయూరి' సుధా చంద్రన్ ప్రతిసారీ ఇదే నరకం అని వీడియో పెట్టారు. అప్పుడు సీఐఎస్ఎఫ్ క్షమాపణ చెప్పింది. అదే డిసెంబర్‌లో సుప్రీంకోర్టు, మనిషి గౌరవం కాపాడాలంటే కృత్రిమ అవయవాలు తియ్యమని అడక్కూడదు అంది.

మామూలు ప్రయాణికుడికి ఇది ఏడాదికి ఒకటి రెండుసార్లు. టీమ్‌తో తిరిగేవాడికి లెక్క వేరు. హైదరాబాద్‌లో ఒకసారి, మధ్యలో విమానం మారేచోట ఒకసారి, తిరుగు ప్రయాణంలో మళ్ళీ రెండుసార్లు. పందేనికి ముందు రోజు ఆ కాలికి రాపిడి పుండు పడితే ఏ గుణకంతో గుణిస్తారో నాకు తెలీదు.