గీత ఎక్కడ గీస్తే అక్కడే బౌండరీ

క్రికెట్‌లో పిచ్ పొడవు 22 గజాలు. మూడు స్టంపులూ కలిపి వెడల్పు తొమ్మిది అంగుళాలు. క్రీజు గీత స్టంపులకు నాలుగడుగుల ముందు. ఇంతవరకు చట్టం అంగుళం లెక్క తప్పదు. అక్కణ్ణించి బయటికి వెళ్తే దానికి పెద్దగా పట్టింపు లేదు. బౌండరీ ఎక్కడో టాస్‌కు ముందే తేల్చుకోండి, మైదానంలో చెట్టో కరెంటు స్తంభమో ఉంటే దాని సంగతి కూడా అప్పుడే మాట్లాడుకోండి అంటుంది. అంతర్జాతీయ మ్యాచుల్లో 65 గజాలకు తగ్గకూడదు, 90 దాటకూడదు అన్న హద్దులు ఈ మధ్యవే.

చట్టం వదిలేసిన ఈ జాగాలోనే ఊళ్ళు తమ సొంత చట్టాలు రాసుకున్నాయి. ఇంగ్లండులోని కాంటర్‌బరీ మైదానంలో బౌండరీ లోపలే ఓ లిండెన్ చెట్టు ఉండేది. బంతి దానికి తగిలితే నాలుగు. 2005 జనవరిలో గాలికి ఆ చెట్టు కూలిపోయేదాకా అదే రూలు. మన వీధుల్లో గోడ దాటితే ఔట్, కాలువలో పడితే టూడీ (రెండు పరుగులే), బంతి పోగొట్టినవాడే కొని తేవాలి. కాంటర్‌బరీ దొరలకూ మన పిల్లలకూ ఈ విషయంలో పెద్ద తేడా కనిపించదు.

బేస్‌బాల్‌దీ ఇదే తీరు. ఒక బేసు నుంచి ఇంకో బేసుకు 90 అడుగులు, బంతి విసిరేవాడికీ కొట్టేవాడికీ మధ్య 60 అడుగుల 6 అంగుళాలు. దీంట్లో రాజీ లేదు. వెనక కంచె ఎంత దూరం, ఎంత ఎత్తు అన్నది మాత్రం స్థలాన్ని బట్టి. బోస్టన్‌లోని ఫెన్‌వే పార్కుకు ఎడమవైపు వీధి అడ్డొచ్చింది. కంచె 310 అడుగుల దగ్గరే ఆగిపోయింది. దానికి సరిపెట్టడానికన్నట్టు 37 అడుగుల గోడ నిలబడి ఉంది. మరో మైదానంలో గాల్లో ఎగిరి బయటపడే బంతి అక్కడ గోడకు తగిలి వెనక్కొస్తుంది. ఇంకోచోట క్యాచ్ అయ్యే బంతి అక్కడ గోడ దాటిపోతుంది. ఆ గోడ వాలకం తెలిసిన ఇంటి జట్టు ఆటగాడికీ, ఆ వారం బస్సు దిగిన బయటివాడికీ ఉన్న తేడాయే సొంత మైదానం బలం.

అమెరికాలో కాలేజీల మధ్య బేస్‌బాల్ 1859 జులై 1న మొదలైంది. మసాచుసెట్స్‌లోని ఆమ్‌హర్స్ట్, విలియమ్స్ అనే రెండు చిన్న కాలేజీలు పిట్స్‌ఫీల్డ్‌లో తలపడ్డాయి. ఆమ్‌హర్స్ట్ 73–32తో గెలిచింది. మర్నాడు అవే రెండు కాలేజీలు చదరంగం ఆడాయి, అందులోనూ ఆమ్‌హర్స్టే. ఈ రెండూ 1971 నుంచి ఒకే కాన్ఫరెన్సులో ఉన్నాయి. బస్సులో వెళ్ళి రాగల దూరంలోని కాలేజీలన్నీ ఓ జట్టుగా కలిసి ఏటా ఒకరి మైదానానికి ఇంకొకరు వెళ్ళి ఆడుకోవడం అక్కడి పద్ధతి.

మన దగ్గర ఆ పని విశ్వవిద్యాలయాలు చేశాయి. అందుకే నెల్లూరు కాలేజీ కుర్రాడు ఎవరితో ఆడాలన్నది అతని బ్యాటింగు కంటే చట్టసభల మీద ఎక్కువ ఆధారపడింది. వెంకటగిరి రాజా కాలేజీ, అంటే మన వీఆర్ కాలేజీ, 1920లో పెట్టినప్పుడు చూపంతా మద్రాసు వైపే. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చింది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. 2008లో నెల్లూరులోనే విక్రమ సింహపురి. కాలేజీ కదలలేదు, ప్రత్యర్థులు మారిపోయారు. విశ్వవిద్యాలయాల జట్లకు పై మెట్టు రోహింటన్ బారియా ట్రోఫీ. కొడుకు పేరు నిలవాలని బొంబాయిలో ఓ తండ్రి ఇచ్చిన కప్పు అది, 1935 నుంచి ఆడుతున్నారు. ఆ పైన జోన్ల మధ్య పోటీకి మన విజయనగరం రాకుమారుడు విజ్జీ పేరు పెట్టారు. ఆటగాడిగా విజ్జీ గురించి మంచి మాటలు తక్కువే వినిపిస్తాయి గానీ, సొంత మైదానం అన్న మాటను అక్షరాలా పాటించినవాడు ఆయనే. కాశీలోని తన నివాసంలోనే మైదానం వేయించుకున్నాడు. 1930–31లో ఇంగ్లండు ఎం.సి.సి. జట్టు పర్యటన రద్దయితే అక్కడి ఆటగాళ్ళు హాబ్స్‌నూ సట్‌క్లిఫ్‌నూ పిలిపించి తన జట్టులో ఆడించుకున్నాడు.

మద్రాసు వైపు చూపు అన్నానే, అక్కడి సొంత మైదానం కథ చేదుగా ఉంటుంది. చేపాక్‌లో మద్రాసు క్రికెట్ క్లబ్బు తెల్లవాళ్ళది. ఆడటానికి వచ్చిన భారతీయులకు పెవిలియన్‌లోకి ప్రవేశం లేదు. భోజనం చెట్ల కింద. ఇది సహించని తెలుగువాడు బుచ్చిబాబు నాయుడు 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్బు పెట్టి ఎస్ప్లనేడ్‌లో మైదానం సంపాదించాడు. ఆయన పేరు మీద నేటికీ చెన్నైలో టోర్నమెంటు జరుగుతోంది. ఆయన కొడుకు కోటా రామస్వామి టెన్నిస్‌లో డేవిస్ కప్పు ఆడాడు, తర్వాత 1936లో నలభయ్యో ఏట ఇంగ్లండులో టెస్టు క్రికెట్ ఆడాడు.

ఇక పిచ్ సంగతి. ఈ రోజు టీవీలో చూసే గడ్డి పిచ్‌ని జిల్లాల్లో చాలా ఏళ్ళు ఎవరూ ఎరగరు. మ్యాటింగే. నేలను తడిపి, దిమ్మిసకొట్టి, రోలరు తిప్పి, దాని మీద కొబ్బరి పీచు చాప పరిచి చుట్టూ మేకులు దిగ్గొట్టేవారు. మన కోస్తాకు ఇది సరిగ్గా నప్పింది. ఇసక కలిసిన నేల వానకు తడిసినా త్వరగా ఆరుతుంది. చాప చుట్టి పక్కన పెట్టుకుంటే అది తడవదు. గడ్డి పెంచక్కర్లేదు, మాలీ జీతం ఇవ్వక్కర్లేదు. ఖర్చు తక్కువ, కాలేజీలకు ఇంతకంటే ఏం కావాలి?

కానీ చాప ఆటను మార్చేసింది. కొబ్బరి పీచు మీద పడ్డ బంతి గుండెల దాకా లేస్తుంది. కట్టరు వేసేవాడికీ స్పిన్నరుకూ పట్టు దొరుకుతుంది. జనపనార చాపైతే కాస్త నెమ్మది, ఎత్తూ తక్కువ. బౌలర్లు మేకుల బూట్లు విప్పి రబ్బరు అడుగు బూట్లు తొడగాల్సిందే. చాపను బిగించి లాగితే బంతి తిన్నగా వస్తుంది, వదులుగా వదిలితే ఆగి తిరుగుతుంది. ఆ లాగే చేతులు ఇంటి జట్టువే కాబట్టి, తమ జట్టులో మంచి స్పిన్నరున్న రోజున చాప ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. చాప మీద పెరిగిన బ్యాట్స్‌మన్‌కు కట్, పుల్ బ్రహ్మాండంగా వస్తాయి. అదే కుర్రాడు బెంగళూరులోనో బొంబాయిలోనో గడ్డి పిచ్ మీద నిలబడితే, మోకాలి కింద నుంచి జారిపోయే బంతికి దొరికిపోయేవాడు. జిల్లాల్లో పరుగుల వరద పారించినవాళ్ళు పై మెట్టులో తేలిపోవడానికి ప్రతిభ కంటే ఈ చాపే పెద్ద కారణం అని నా నమ్మకం.

చాప చేసే చేటు జిల్లా కుర్రాళ్ళకే పరిమితం కాలేదు. 1952 అక్టోబరులో భారత జట్టుకు లక్నో విశ్వవిద్యాలయం మైదానంలో అది కళ్ళకు కట్టింది. పాకిస్తాన్‌తో అది రెండో టెస్టు. జనపనార చాప వేశారు. మైదానం మనది, చాపా మనదే. కానీ చాప మీద కట్టర్లు వేయడంలో ఆరితేరినవాడు అవతలి జట్టులో ఉన్నాడు. ఫజల్ మహమూద్ మొదటి ఇన్నింగ్సులో అయిదు, రెండో ఇన్నింగ్సులో ఏడు, మొత్తం 12 వికెట్లు పడగొట్టాడు. భారత్ 106, 182. పాకిస్తాన్ 331. ఇన్నింగ్స్ 43 పరుగుల ఓటమి. పాకిస్తాన్‌కు టెస్టుల్లో అదే మొదటి గెలుపు. సొంత మైదానం బలం కావాలంటే అది మన ఆటకు సరిపడేలా ఉండాలి గానీ, మన ఊళ్ళో ఉన్నంత మాత్రాన చాలదు.

నెల్లూరు తీరానికి ఇంకో చిక్కుంది, అది ఆకాశంలో. దేశమంతా క్రికెట్ సీజను అక్టోబరులో మొదలవుతుంది, వానలు వెనక్కి తగ్గుతాయి కాబట్టి. మనకు అప్పుడే ముందుకొస్తాయి. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే. 1984లో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపాను, 1989లో కావలి తుపాను, పెన్న పొంగి ఊళ్ళను ముంచిన 2021 వరదలు, అన్నీ నవంబరు నెలవే. బొంబాయి కుర్రాడు వరసగా మ్యాచులాడే మూడు నెలల్లో మన కుర్రాడు వరండాలో కూర్చుని గొడుగులు లెక్కపెడతాడు. సంక్రాంతి తర్వాత గానీ నేల చేతికి రాదు. అప్పటికి పరీక్షలు తరుముకొస్తాయి. వాన లేని రోజుల్లోనూ వీఆర్సీ గ్రౌండ్స్ ఆటకు మాత్రమే దక్కిన చోటు కాదు. బహిరంగ సభలూ దీపోత్సవాలూ అక్కడే. ఊరి మధ్య ఖాళీ జాగా అంటే అందరికీ కావాలి మరి.

పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగంతో 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. క్రికెట్ సంఘం కూడా ఆ ఏడే పుట్టింది. 1953–54 రంజీలో ఆంధ్ర జట్టు తొలిసారి దిగింది. కెప్టెన్ సి.కె. నాయుడు. దేశానికి మొదటి టెస్టు కెప్టెన్, మూలాలు బందరువి, పుట్టి పెరిగింది నాగపూరు. వయసు 58. 1926లో బొంబాయి జింఖానా మైదానంలో ఎం.సి.సి. మీద 11 సిక్సర్లతో 153 కొట్టిన మనిషిని పేరు కోసమైనా తెచ్చి ముందు నిలబెట్టారు. మంచి పనే చేశారు. జట్టుకు పేరుంది, పెద్దదిక్కుంది. లేనిది ఇల్లు.

మద్రాసుకు చేపాక్, మైసూరుకు బెంగళూరు, హైదరాబాదుకు ఫతే మైదానం. ఆంధ్రకు తడవకో ఊరు. గుంటూరు, విజయవాడ, విశాఖ, కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల మైదానం, ఆ మధ్య ఒంగోలులో సి.ఎస్.ఆర్. శర్మ కాలేజీ మైదానం. రాష్ట్ర జట్టు నాలుగు రోజుల మ్యాచుకు కాలేజీ ఆవరణకు రావడం ఊరికి పండగే. నెల్లూరు నుంచి ఒంగోలుకు రైల్లో పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి రావచ్చు కూడా. కానీ ఆటగాళ్ళ వైపు నుంచి చూడండి. తమ పిచ్ అని చెప్పుకునేది ఒకటి ఉండి, ఆఖరి రోజు అది ఎక్కడ పగులుతుందో, సాయంత్రం గాలి ఏ పక్క నుంచి వస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేంత అలవాటు కుదిరితేనే సొంత మైదానం పనికొస్తుంది. ఏటా మారే ఇంట్లో ఆతిథ్యమిచ్చే జట్టు కూడా అతిథే. ఊరూరికీ ఆట చేర్చామన్న మంచి ఇందులో ఉంది, కాదనను. దానికి మూల్యం మాత్రం స్కోరుబోర్డు మీద చెల్లించారు.

1956లో రెండు రాష్ట్రాలు కలిశాయి, క్రికెట్ జట్లు కలవలేదు. సౌత్ జోన్‌లో హైదరాబాదు, ఆంధ్ర విడిగానే ఏటా ఎదురుపడ్డాయి. ఆ పోటీల్లో మర్చిపోవాలనుకున్నా రికార్డు పుస్తకం మర్చిపోనివ్వని మ్యాచు 1994 జనవరిలో సికింద్రాబాద్ జింఖానా మైదానంలో జరిగింది. హైదరాబాదు 6 వికెట్లకు 944 పరుగులు చేసి డిక్లేర్ చేసింది. ఎం.వి. శ్రీధర్ 366, వివేక్ జైసింహ 211, నోయెల్ డేవిడ్ 207 నాటౌట్. శ్రీధర్ క్రీజులో ఉండగా జట్టు స్కోరు 850 పరుగులు పెరిగింది. రంజీలో ఆ 944 నేటికీ ఒక జట్టు చేసిన అత్యధిక స్కోరు. బంతుల వెంట పరిగెత్తిన పదకొండుమందీ ఆంధ్రవాళ్ళు.

హైదరాబాదులో కూడా సొంత మైదానం ఒకసారి భారత జట్టుకు ఎదురు తిరిగింది. 1969 అక్టోబరు, లాల్ బహదూర్ స్టేడియం, న్యూజిలాండ్‌తో టెస్టు. రెండో రోజు ఆట వానకు కొట్టుకుపోయింది. విశ్రాంతి రోజున పిచ్ మీద గడ్డి కోయించాల్సిన అంపైర్లు ఆ సంగతి మర్చిపోయారు. మర్నాడు పొద్దున కోయబోతే న్యూజిలాండ్ కెప్టెన్ డౌలింగ్ రూలు ప్రకారం ఇప్పుడు కుదరదన్నాడు. గడ్డి అలాగే ఉంది. భారత్ 49కి తొమ్మిది వికెట్లు పోగొట్టుకుంది. వెంకటరాఘవన్, బేడీ చివరి వికెట్టుకు 40 జోడిస్తే 89 అయింది. ఒక కుర్రాడు మైదానంలోకి పరిగెత్తుకొచ్చి పోలీసుల దెబ్బలు తినడంతో గొడవ రేగింది. ఆఖరి రోజు లక్ష్యం 268, స్కోరు 7 వికెట్లకు 76. అప్పుడు వాన దిగింది. మైదానం ఆరబెట్టడంలో సిబ్బంది చూపిన తీరుబడిని న్యూజిలాండ్‌వాళ్ళు చాలా కాలం మర్చిపోలేదు. చివరికి వాళ్ళ ఆటగాళ్ళే నీళ్ళు తోడటానికి దిగారు. అయినా ఆట మళ్ళీ సాగలేదు, మ్యాచ్ డ్రా. పిచ్ ఇంటివాళ్ళను ముంచబోతే మైదానం కాపాడిందన్నమాట.

ఇప్పుడు పరిస్థితి మారింది. విశాఖలో పెద్ద స్టేడియం ఉంది. 2005 ఏప్రిల్ 5న ధోనీ అక్కడే పాకిస్తాన్ మీద 148 కొట్టాడు. అనంతపురంలో ఆర్డీటీ మైదానం 2024లో దులీప్ ట్రోఫీకి ఆతిథ్యమిచ్చింది. క్రికెట్‌తో పాటు బేస్‌బాల్‌కు చెల్లెలి వరసయ్యే సాఫ్ట్‌బాల్ కూడా అక్కడ నేర్పుతారు.

సముద్రానికి అవతల రెండు ఆటల హద్దులూ ఇంకా విచిత్రంగా కలిశాయి. డాలస్ పక్కన గ్రాండ్ ప్రెయిరీలో చిన్న లీగు బేస్‌బాల్ కోసం 2008లో కట్టిన స్టేడియాన్ని క్రికెట్‌కు మార్చి 2023 జులైలో తెరిచారు. చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు కొదవలేదు. మరుసటేడు జూన్ 6న అమెరికా జట్టు ప్రపంచకప్‌లో పాకిస్తాన్‌ను సూపర్ ఓవర్లో ఓడించింది అక్కడే. ఇక ఓక్లండ్ కొలీజియం. బేస్‌బాల్‌లో అది బ్యాటర్లకు బద్ధశత్రువు. ఫౌల్ గీత బయట ఖాళీ జాగా మరీ ఎక్కువ కావడంతో, వేరే పార్కులో ప్రేక్షకుల ఒళ్ళో పడే బంతి అక్కడ ఫీల్డరు చేతుల్లో పడి కొట్టినవాడు ఔటయ్యేవాడు. బేస్‌బాల్ జట్టు 2024తో అక్కణ్ణించి వెళ్ళిపోయింది. 2025 జూన్ 12న అదే నేల మీద క్రికెట్ గీత గీశారు. న్యూజిలాండ్‌కు చెందిన ఫిన్ అలెన్ 51 బంతుల్లో 151 పరుగులు చేశాడు. అందులో 19 సిక్సర్లు. టీ20 ఇన్నింగ్స్‌లో అన్ని సిక్సర్లు అంతకుముందు ఎవరూ కొట్టలేదు.