దారి తెలిసినవారు, కలం పట్టినవారు

కెనడా తొలినాళ్ల ప్రముఖుల జాబితా ఎవరు రాసినా నాలుగు పేర్లు తప్పవు. 1534లో సెయింట్ లారెన్స్ సింధుశాఖలోకి ఓడలు నడిపిన జాక్ కార్టియే, 1608లో క్యూబెక్ నెలకొల్పిన శామ్యూల్ ద షాంప్లేన్, 1771లో నేలమార్గాన ఉత్తర సముద్రం అంచు దాకా వెళ్లిన శామ్యూల్ హెర్న్, 1793లో ఖండాన్ని దాటి పసిఫిక్ చేరిన అలెగ్జాండర్ మెకెంజీ. నలుగురూ గట్టి మనుషులే. కాని ఓర్పులోనూ తెగువలోనూ వాళ్లకు తీసిపోనివాళ్లు, కొన్నిచోట్ల వాళ్లను మించినవాళ్లు, అదే కాలంలో అదే మంచులో నడిచారు. ఈ నలుగురికీ ఉన్నదీ, ఆ మిగతావాళ్లకు లేనిదీ ఒక్కటే. నలుగురి పేరు మీదా పుస్తకం ఉంది. తొలి కెనడాలో గొప్పవాడనిపించుకోవడానికి ఒక చోటికి ముందుగా చేరడం చాలలేదు. అక్కడి సంగతి దూరాన కూర్చున్న రాజుకో కంపెనీకో రాసి పంపగలగాలి. దారి తెలిసినవాళ్లు, భాష తెలిసినవాళ్లు, అంటే దుబాసీలూ మార్గదర్శులూ, ఆ రాతలో పాత్రలుగా మాత్రమే మిగిలారు. వాళ్ల జీవితాలను వరుసలో పెట్టి చూస్తే ఆ దేశపు తొలి రెండున్నర శతాబ్దాలు మరో రకంగా కనిపిస్తాయి.

మొదటి ఉదాహరణ కార్టియే ప్రయాణాల్లోనే ఉంది. 1534 జులైలో గాస్పే తీరాన ముప్పై అడుగుల శిలువ నాటించినప్పుడు, స్టడకోనా గ్రామపెద్ద డొన్నకోనా పడవలో వచ్చి అభ్యంతరం చెప్పాడు. కార్టియే అతణ్ని మాటల్తో మభ్యపెట్టి, అతని కొడుకులు డొమగాయా, టైనోయాన్యీలను ఫ్రాన్సుకు తీసుకుపోయాడు. మరుసటి ఏడు వాళ్లు కాస్తో కూస్తో ఫ్రెంచి నేర్చుకుని తిరిగొచ్చారు. ఎదురుగా ఉన్నది మహానది అనీ, అది దేశం లోపలికి ఎంతో దూరం తీసుకుపోతుందనీ కార్టియేకు చెప్పింది వాళ్లే. ఆ నదిని కనుగొన్న ఖ్యాతి మాత్రం కార్టియేది. 1535-36 చలికాలంలో నూటపది మంది సిబ్బందిలో ఇరవై అయిదుగురు స్కర్వీతో చనిపోయారు. మిగిలినవాళ్లలో చాలామంది మంచాన పడ్డారు. తమ బలహీనత బయటపడితే దాడి జరుగుతుందని భయపడిన కార్టియే, ఒక్క నౌకరుకే జబ్బు చేసిందని డొమగాయాతో అబద్ధమాడి మందు అడిగాడు. డొమగాయా ఇద్దరు స్త్రీలను తోడిచ్చి చెట్టు చూపించాడు. ఆ ఆకూ బెరడూ మరిగించిన కషాయంతో సిబ్బంది కోలుకున్నారు. దానికి ప్రతిఫలంగా 1536 మేలో కార్టియే డొన్నకోనానూ కొడుకులనూ మరికొందరినీ, మొత్తం పదిమందిని, పట్టుకుని ఓడెక్కించాడు. అయిదేళ్ల తర్వాత కార్టియే తిరిగి వచ్చేసరికి ఒక్క బాలిక తప్ప అందరూ పోయారు. డొన్నకోనా చనిపోయాడని ఒప్పుకుని, మిగతావాళ్లు ఫ్రాన్సులో ప్రభువుల్లా బతుకుతున్నారని ఊళ్లో చెప్పాడు. ఈ అబద్ధాలన్నీ మనకు తెలిసింది ఫ్రెంచి పక్షపు కథనాల నుంచే. రెండో ప్రయాణపు కథనం 1545లోనే పారిస్‌లో అచ్చయింది. కార్టియే దాన్ని తన చేత్తోనే రాశాడా అని పండితులకు అనుమానమున్నా, కీర్తి మాత్రం అనుమానం లేకుండా అతని ఖాతాలోనే పడింది.

ఇదంతా కలం సంగతి కాదు, తెల్లవాళ్ల ఆధిపత్యం సంగతి అని ఇక్కడ ఎవరైనా అనవచ్చు. సగం నిజం. మిగతా సగానికి ఎతియెన్ బ్రూలే జీవితం చూడాలి. 1610లో షాంప్లేన్ ఒక ఫ్రెంచి కుర్రవాణ్ని అల్గాంక్విన్ అనే స్థానిక జాతివాళ్ల దగ్గర వదిలి, బదులుగా సవిన్యోన్ అనే హ్యూరాన్ జాతి యువకుణ్ని ఫ్రాన్సుకు తీసుకెళ్లాడు. వీళ్ల భాష వాడికీ, వాళ్ల భాష వీడికీ రావాలన్నది ఒప్పందం. ఆ సందర్భంలో షాంప్లేన్ తన కుర్రవాడి పేరైనా చెప్పలేదు. అతడు బ్రూలే అయివుంటాడన్నది చరిత్రకారుల ఊహ. తర్వాత ఇరవై ఏళ్లకు పైగా బ్రూలే హ్యూరాన్ల మధ్యే బతికాడు, వాళ్ల వేషం వేశాడు, వాళ్ల మాట మాట్లాడాడు. మహాసరస్సుల్లో కొన్నింటిని చూసిన తొలి ఐరోపా మనిషి అతడే కావచ్చు. ఆ "కావచ్చు" అన్న మాటను అతని పేరు పక్కనుంచి తీసెయ్యడం ఎవరికీ సాధ్యం కాలేదు, ఎందుకంటే అతను ఒక్క ముక్క రాయలేదు. అతని గురించి మనకున్నవి షాంప్లేన్ మాటలు, గాబ్రియెల్ సగార్ వంటి మతగురువుల మాటలు. 1629లో ఇంగ్లిష్ పక్షాన వచ్చిన కిర్క్ సోదరులు క్యూబెక్ పట్టుకున్నప్పుడు బ్రూలే వాళ్ల కొలువులో చేరాడు. ఆ కోపంతో షాంప్లేన్ అతణ్ని ద్రోహిగా, దుర్మార్గుడిగా చిత్రించాడు. 1633 ప్రాంతంలో హ్యూరాన్ల చేతిలోనే చనిపోయిన బ్రూలేకు ఆ చిత్రానికి జవాబు చెప్పే అవకాశం లేకుండాపోయింది. ఫ్రెంచివాడై పుట్టినా తన కథ తన చేతిలో లేదు.

బ్రూలేకు జతగా పియెర్-ఎస్ప్రీ రాడిస్సన్‌ను నిలబెట్టి చూడండి. అతడూ కుర్రతనంలోనే 1650ల మొదట్లో మొహాక్‌ల చేతికి చిక్కాడు, వాళ్లింట పెంపుడు కొడుకయ్యాడు, భాష నేర్చాడు, జెండాలు మార్చాడు. పాత్రలో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. రాడిస్సన్ కొంచెం ఎక్కువ నిలకడలేనివాడేమో కూడా. అయితే 1660ల్లో లండన్ చేరి, ఛార్లెస్ రాజు ఆస్థానంలో పెట్టుబడి పెట్టేవాళ్లను ఒప్పించడానికి తన తిరుగుళ్లన్నీ ఇంగ్లిషులో రాసిపెట్టాడు. అతనూ బావ గ్రోసెయే కలిసి పోరిన ఫలితంగా 1670 మే 2న హడ్సన్స్ బే కంపెనీకి రాజపత్రం దొరికింది. అతని రాతప్రతి 1885 దాకా అచ్చుకు నోచుకోకపోయినా నాశనం కాలేదు, అందుకే ఇవాళ అతను గొంతున్న మనిషి. అందులో గొప్పలున్నాయి, తేదీల తప్పులున్నాయి, ఉండొచ్చు. గొప్పలు చెప్పుకోవడానికైనా కాగితం కావాలి కదా.

ఈ వరుసలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే జీవితం థనడెల్తర్‌ది. ఆమె డెనే జాతి స్త్రీ. 1713లో క్రీ జాతివాళ్లు ఆమెను చెరపట్టారు. మరుసటి ఏడు శరదృతువులో ఇంకొక స్త్రీతో కలిసి తప్పించుకుంది. తోడువచ్చిన స్త్రీ దారిలోనే చనిపోయింది. 1714 నవంబరులో, హడ్సన్స్ బే కంపెనీ వేటగాళ్ల కంటబడి, హడ్సన్ అఖాతం ఒడ్డునున్న యార్క్ ఫ్యాక్టరీ అనే వర్తక స్థావరానికి చేరింది. అక్కడి గవర్నరు జేమ్స్ నైట్‌కు ఒక చిక్కుంది. ఉత్తరాన డెనేల దేశంలో మంచి ఉన్నిచర్మాలూ, రాగి ఉందన్న వార్తలూ ఉన్నాయి. కాని క్రీల దగ్గర కంపెనీ అమ్మిన తుపాకులున్నాయి, డెనేల దగ్గర లేవు. ఆ భయంతో డెనేలు ఫ్యాక్టరీ దరిదాపులకు రారు. ఆ ముడి విప్పగలిగింది రెండు భాషలూ వచ్చిన ఈ స్త్రీ ఒక్కతే. 1715 జూన్‌లో విలియం స్టువర్ట్ అనే కంపెనీ ఉద్యోగి, నూటయాభై మంది దాకా క్రీలు, ఆమె కలిసి బయల్దేరారు. ఆకలి, జబ్బులు గుంపును ముక్కలు చేశాయి. చివరికి మిగిలినవాళ్లకు దారిలో తొమ్మిదిమంది డెనేల శవాలు కనిపించాయి. వాళ్లను చంపింది మరో క్రీ జట్టు. ఆ నేరం తమమీద పడుతుందని, పగ తీర్చుకోవడానికి వస్తారని వణికిన క్రీలు వెనక్కి తిరగబోయారు. పది రోజులు ఆగండి, నేను వెళ్లి మావాళ్లను తీసుకొస్తాను అని చెప్పి ఆమె ఒంటరిగా మంచులోకి వెళ్లింది. పదో రోజున వందమందికి పైగా డెనేలతో వచ్చింది. వాళ్లను ఒప్పించడానికి మాట్లాడి మాట్లాడి గొంతు బొంగురుపోయింది. సంధి కుదిరింది. 1716 మేలో ఫ్యాక్టరీకి తిరిగొచ్చాక ఎడాపెడా పనిచేసింది. చర్మాలు ఎలా సిద్ధం చెయ్యాలో తనవాళ్లకు నేర్పింది, నాసిరకం తెచ్చినవాళ్లను తిట్టింది, గవర్నరు ముందు కూడా స్వరం తగ్గించలేదు. 1717 ఫిబ్రవరి 5న జబ్బుతో చనిపోయింది. ఆ రుతువులో ఇంత దుఃఖపడిన రోజు లేదని నైట్ తన దినచర్యలో రాసుకున్నాడు. డెనేల కోసం చర్చిల్ నది ఒడ్డున తలపెట్టిన వర్తక స్థావరం ఆ ఏడాదే లేచింది.

ఇంత చేసిన మనిషిని ఆ దినచర్య పిలిచింది "బానిస స్త్రీ" అనే. థనడెల్తర్ అన్న పేరు కంపెనీ పద్దుల్లో లేదు. అది డెనేల నోటి కథల్లోంచి వచ్చింది. నోటి కథలు చరిత్రకు ఆధారాలు కావని వాదించేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. తరాల పాటు డెనేలు చెప్పుకున్నదీ, కంపెనీ కాగితాల్లో ఉన్నదీ సంధి విషయంలో ఒకదానికొకటి బలమిస్తున్నాయి. పేరు విషయంలోనైతే కాగితం ఓడి కథ నిలిచింది. అయినా ఒక నిజం ఒప్పుకోక తప్పదు. తేదీలూ, స్టువర్ట్ సాక్ష్యమూ, ఆ పది రోజుల వివరమూ నైట్ రాతలేకుంటే మనకు ఇంత స్పష్టంగా దక్కేవి కావు. కలం అన్యాయం చేసిందంటున్న నేను, ఆ అన్యాయాన్ని చూపించడానికి ఆ కలాన్నే ఆశ్రయించాల్సి వస్తోంది.

ఈ చిక్కు మటొనాబీ విషయంలో మరీ బిగుస్తుంది. హెర్న్ రెండుసార్లు బయల్దేరి విఫలమై తిరిగివస్తుండగా, 1770 శరదృతువులో ఈ డెనే నాయకుడు ఎదురై అతణ్ని కాపాడాడు. వెంట స్త్రీలు లేకపోవడమే వైఫల్యానికి కారణమని వివరించాడు. బరువులు మోసేదీ, గుడారాలు వేసేదీ, చర్మాలు కుట్టేదీ వాళ్లేనన్నది అతని లెక్క. స్త్రీల పట్ల అతనికి ప్రేమ ఉండి అన్నమాట కాదిది, కాని ఉత్తరాది ప్రయాణాల లోగుట్టు ఇంత సూటిగా చెప్పినవాడు మరొకడు లేడు. మూడో ప్రయాణం అతని పద్ధతిలో, అతని బంధుగణంతో సాగింది. 1771 జులైలో కాపర్‌మైన్ నది దగ్గర ఆ జట్టువాళ్లు నిద్రపోతున్న ఇన్యుట్ కుటుంబాలను ఊచకోత కోశారు. హెర్న్ చూస్తూ ఉండిపోయాడు, ఆ తర్వాత సముద్రం చూశాడు. అతని పుస్తకం 1795లో, అతను చనిపోయాక వెలువడింది. ఊచకోత వర్ణనను తర్వాత పెంచి రాశారన్న వాదన ఉంది. కాని ఆ పుస్తకంలోనే మటొనాబీకి చిన్న జీవితచరిత్ర రాసి, 1782లో ఫ్రెంచివాళ్లు చర్చిల్ కోటను పట్టుకున్నాక అతను ఉరివేసుకున్న సంగతి దాకా చెప్పినవాడు హెర్నే. ఉదారుడైన రచయిత చేతిలో పడినా మటొనాబీ మంచీ చెడూ అన్నీ ఒక్క మనిషి చూపులోంచే మనకు వస్తాయి. దాన్ని సరిచూసే రెండో గొంతు లేదు.

మెకెంజీ గురించి క్లుప్తంగా చాలు. పసిఫిక్ చేరే ముందు చివరి మజిలీ అతను నడిచింది స్థానికులు చేపనూనె వర్తకానికి తరాలుగా వాడిన బాట మీద. నదిని వదిలి ఆ బాట పట్టమన్నదీ వాళ్లే. 1801లో పుస్తకం, 1802లో సర్ బిరుదు వచ్చాయి. దీనికి ఎదురు ఉదాహరణ డేవిడ్ థాంప్సన్. ఖండం పడమటి సగాన్ని అతనంత శ్రద్ధగా కొలిచినవాడు లేడు. వెంట భార్య షార్లెట్ స్మాల్ ఉండేది, క్రీ తల్లికి పుట్టిన ఆమె దారిలోనూ భాషలోనూ అతనికి ఆసరా. థాంప్సన్ రాశాడు గాని అచ్చు కాలేదు. 1857లో పేదరికంలో పోయాడు, కథనం 1916లో వెలుగు చూసేదాకా పేరు మసకబారే ఉంది. రాయడమే కాదు, రాసింది చదివేవాళ్ల దాకా చేరాలి.

పందొమ్మిదో శతాబ్దపు చరిత్రకారులు ఈ పుస్తకాల మీదే మేడ కట్టారు. ఫ్రెంచి కెనడియన్లకు చరిత్ర లేదు, సాహిత్యం లేదు అని 1839లో బ్రిటిష్ ప్రతినిధి డర్హమ్ ప్రభువు నివేదికలో రాస్తే, దానికి సమాధానంగా ఫ్రాన్సువా-జావియే గార్నో 1845 నుంచి చరిత్ర వెలువరించాడు. వీరులు కావాల్సిన సమయంలో చేతికందిన వీరులు పుస్తకాలున్నవాళ్లే. మార్పు ఇరవయ్యో శతాబ్దంలో వచ్చింది. 1966లో తొలి సంపుటం వెలువడిన కెనడా జీవితచరిత్రల నిఘంటువు మనుషుల్ని చనిపోయిన ఏడాదిని బట్టి సంపుటాల్లో సర్దింది. దాంతో డొన్నకోనా, బ్రూలే, షాంప్లేన్ ఒకే సంపుటంలోకి వచ్చారు. 1974లో హడ్సన్స్ బే కంపెనీ దస్తావేజులు లండన్ నుంచి విన్నిపెగ్ చేరాక, పద్దుల సందుల్లో పడివున్న స్త్రీల, దుబాసీల జాడలు తీసేవాళ్లు ఎక్కువయ్యారు.

ఈ దిద్దుబాటు అతిగా పోతోందన్న ఆక్షేపణ ఇప్పుడు వినిపిస్తోంది. దాన్ని కొట్టిపారెయ్యలేం. మథ్యూ ద కోస్టా అనే నల్లజాతి దుబాసీతో ఫ్రెంచి వర్తక నాయకుడు పియెర్ ద్యుగా ద మోన్స్ 1608లో చేసుకున్న ఒప్పందం నిజం. అందులో మూడేళ్ల గడువూ, ఏడాదికి అరవై క్రౌన్ల జీతమూ ఉన్నాయి. అతని కోసం వర్తకులు కొట్లాడుకున్న దావా కాగితాలూ నిజమే. వీటినిబట్టి అతను గిరాకీ ఉన్న దుబాసీ అని ధైర్యంగా చెప్పవచ్చు. అయినా అతణ్ని కెనడా గడ్డమీద అడుగుపెట్టిన తొలి నల్లజాతి మనిషిగా ఎన్నో పుస్తకాలు ప్రకటించాయి, 2017లో తపాలా బిళ్ల కూడా వచ్చింది. అతను నిజంగా అట్లాంటిక్ దాటాడని చెప్పే ఒక్క పత్రం మాత్రం ఇంతవరకూ బయటపడలేదు. బిళ్ల వెయ్యడం తప్పని అనను. కాని బ్రూలే పక్కన పెట్టిన "కావచ్చు"ను ద కోస్టా పక్కనా పెట్టాల్సిందే, అతనంటే మనకు ఎంత సానుభూతి ఉన్నా సరే.