ఆ రెండు నిమిషాలు

2009 జూన్ 27, శనివారం సాయంత్రం. లాస్ ఏంజెలెస్‌లో సముద్రాన్ని ఆనుకుని ఉండే మెరీనా డెల్ రే ప్రాంతం. అక్కడి రిట్జ్ కార్ల్‌టన్ హోటల్ గదిలో ఇద్దరు పోలీసు డిటెక్టివులు కూర్చున్నారు. ఒకరు స్కాట్ స్మిత్, ఇంకొకరు ఓర్లాండో మార్టినెజ్. ఎదురుగా గుండె జబ్బుల డాక్టరు కాన్రాడ్ ముర్రే, పక్కనే ఆయన లాయర్లు. రికార్డరు ఆన్ అయింది.

మైకేల్ జాక్సన్ పోయి అప్పటికి రెండు రోజులు. ప్రపంచమంతా టీవీల ముందే ఉంది. ఆఖరి ఘడియల్లో ఆ పడకగదిలో జాక్సన్‌తో ఉన్నది ఈ డాక్టరొక్కడే. అరెస్టు చేసి తీసుకొచ్చిందేమీ లేదు, తనంతట తానే వచ్చి మాట్లాడుతున్నాడు. డిటెక్టివులు కేకలు వేయలేదు, బల్ల గుద్దలేదు. ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పమని అడిగి ఊరుకున్నారు. మధ్యలో అడ్డు తగలకుండా చెప్పింది చెప్పినట్టు విన్నారు. రెండు గంటలకు పైగా సాగిన ఆ సంభాషణను రెండేళ్ల తర్వాత కోర్టు హాలులో జ్యూరీ మొత్తం విన్నది.

ముర్రే గొంతులో తొట్రుపాటు లేదు. రోగి మీద అభిమానం ధ్వనిస్తోంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం కాదాయన.

చెప్పడం మొదలుపెట్టాడు. స్టేపుల్స్ సెంటర్‌లో రిహార్సల్ ముగించుకుని జాక్సన్ ఇల్లు చేరేసరికి రాత్రి ఒంటిగంట ప్రాంతం. లండన్‌లో యాభై ప్రదర్శనలు ముంచుకొస్తున్నాయి, కంటికి కునుకు లేదు. ఒంటిగంటన్నరకు వేలియం 10 మిల్లీగ్రాములు. రెండు గంటలకు నరంలోకి లోరాజెపామ్ 2 మిల్లీగ్రాములు. మూడింటికి మిడాజోలమ్ 2. అయిదింటికి మళ్లీ లోరాజెపామ్ 2. ఏడున్నరకు మళ్లీ మిడాజోలమ్ 2. తెల్లారిపోయింది, అయినా నిద్ర లేదు. నిద్ర పట్టకపోతే రిహార్సల్ రద్దు చేసుకోవాల్సిందేనని జాక్సన్ బతిమాలాడు, పాలు ఇమ్మన్నాడు. పది గంటల నలభై నిమిషాలకు ముర్రే ఇచ్చాడు.

ఆ పాలు ప్రొపోఫాల్. ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టరు చేతిలో ఉండాల్సిన తెల్లటి మందు. మోతాదు కాస్త మించితే ఊపిరి ఆగిపోతుంది. అందుకే అది ఇచ్చినంతసేపూ రోగి పక్కన మనిషి ఉండాలి, మోగే యంత్రం ఉండాలి. జాక్సన్ వేలికి ముర్రే తగిలించిన ఆక్సిజన్ మీటరుకు అలారం లేదు. చూస్తూ కూర్చున్నవాడికే అది ఏమైనా చెబుతుంది.

డిటెక్టివులకు ఆ క్షణం దాకా ప్రొపోఫాల్ సంగతే తెలియదు. చెప్పింది ముర్రేనే. రెండు నెలలుగా దాదాపు ప్రతి రాత్రీ ఇస్తున్నాననీ, మాన్పించాలని చూస్తున్నాననీ కూడా చెప్పాడు. మందుల సంచులు ఇంకా ఆ ఇంటి బీరువాలోనే ఉన్నాయని చోటు కూడా చెప్పాడు. రెండు రోజుల తర్వాత కరోనర్ మనిషి వెళ్లి చూస్తే చెప్పిన చోటే దొరికాయి. ఇంత నిజం తనంతట తాను చెప్పినవాణ్ని ఎలా అనుమానిస్తాం? ఆ సంచులు ఎలాగూ దొరుకుతాయి, రక్త పరీక్షలో ప్రొపోఫాల్ ఎలాగూ బయటపడుతుంది అన్న లెక్క ఆయన మనసులో ఉండే ఉంటుందని నా నమ్మకం. అబద్ధం చెప్పినా అతికినట్టుండాలని మన పెద్దలు ఊరికే అనలేదు. అతికేది నిజంతోనే.

తర్వాతి ఘట్టం. మందు ఎక్కించి కొంతసేపు పక్కనే కూర్చుని చూశానన్నాడు. అంతా బాగానే ఉందనిపించి బాత్రూముకు వెళ్లానన్నాడు. రెండు నిమిషాలు. తిరిగొచ్చి చూస్తే జాక్సన్‌కు ఊపిరి ఆడటం లేదు.

ఒంటిగంటన్నర, రెండు, మూడు, అయిదు, ఏడున్నర, పది నలభై. రాత్రంతా గడియారం చేతిలో పట్టుకుని నడిచిన కథలో, పది నలభై తర్వాత గడియారం మాయమైంది. బాత్రూముకు ఎన్నింటికి వెళ్లాడు? ఎన్నింటికి వచ్చి చూశాడు? ఆ రెండు నిమిషాలు ఏ గంటలోవి? డిటెక్టివులు ఆయన మాటల్ని బట్టి లెక్కవేసి, పదకొండు ప్రాంతంలో అయి ఉండాలనుకున్నారు. ఆగస్టులో ఆ సంగతి కోర్టు కాగితాల్లో బయటికి రాగానే, మా క్లయింటు పదకొండు అని అననేలేదు, పోలీసులే తప్పుగా అర్థం చేసుకున్నారని లాయరు ఖండించాడు. ఆ మాటను నమ్మినా చిక్కు తీరలేదు. ఎందుకంటే అప్పటికి ఫోన్ రికార్డులు వచ్చాయి.

ఆ ఉదయం 11:17కు ముర్రే ఫోన్ నుంచి ఒక ఈమెయిల్ వెళ్లింది. లండన్ ప్రదర్శనల బీమాకు సంబంధించిన జవాబు అది. జాక్సన్ ఆరోగ్యం గురించి పత్రికల్లో వస్తున్నవన్నీ వట్టి మాటలని అందులో రాశాడు. రోగి ఆ సమయానికి పక్క మీద మత్తులో ఉన్నాడు. ఒక్క నిమిషం తర్వాత, 11:18కి, లాస్ వేగాస్‌లోని తన క్లినిక్‌తో ఫోను, అరగంటకు పైగా. 11:49కి ఒక పేషెంటుకు ఫోను. 11:51కి హ్యూస్టన్‌లోని ఒక స్నేహితురాలికి ఫోను. తాను మాట్లాడుతూ ఉండగానే అవతల డాక్టరు పలకడం మానేశాడనీ, దగ్గు, గొణుగుడు వినిపించాయనీ ఆమె కోర్టులో చెప్పింది. మొత్తం కలిపితే దాదాపు 47 నిమిషాలు ఫోన్లోనే.

పదకొండుకే ఊపిరి ఆగి ఉంటే ఆ 47 నిమిషాలు ఫోన్లో ఏం చేస్తున్నట్టు? ఫోన్ల తర్వాత, పన్నెండు ప్రాంతంలో చూశాడనుకుంటే, వదిలి వెళ్లింది రెండు నిమిషాలేనన్న మాటకు అర్థమేముంది? ఎటు తిప్పినా కథ నిలవదు. హోటల్ గదిలో అంత వివరంగా మాట్లాడిన మనిషి ఈ ఫోన్ల ఊసే ఎత్తలేదు.

నన్ను ఆపేసిన చోటు ఇదే. ముర్రే లెక్క తప్పకుండా చెప్పిన వివరాలన్నీ మూసిన తలుపుల వెనక జరిగినవి. ఎన్ని మిల్లీగ్రాములిచ్చాడో చెప్పగలవాడు ఇంకెవరూ లేరు. ఆ ఉదయపు వేళల్లో ఎవరైనా సరిచూడగలిగిన వివరం ఒక్కటే, ఫోన్ కంపెనీ కంప్యూటర్లో ఉన్నది, అదే కథలో లేదు. అబద్ధాల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన ఆల్డర్ట్ వ్రై వంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు గమనించింది కూడా ఇదే. దాచేవాడు వివరాలు చెప్పడానికి వెనకాడకపోవచ్చు, కానీ సరిచూడటానికి వీలయ్యే వివరాలు తక్కువగా చెబుతాడు.

నిజానికి దాపరికం హోటల్ గదిలో మొదలవలేదు. 12:13కు ముర్రే జాక్సన్ సహాయకుడి ఫోనుకు, వెంటనే కాల్ చేయమని సందేశం పెట్టాడు. అంబులెన్సు ఊసు లేదు. పైకి పరుగెత్తుకొచ్చిన అంగరక్షకుడి చేత ముందు మందు సీసాలు సంచిలో వేయించాడని ఆ కుర్రాడే సాక్ష్యం చెప్పాడు. అత్యవసర నంబరు 911కు ఫోను 12:20కి వెళ్లింది, అదీ అంగరక్షకుడి నుంచే. తానే ఎందుకు చేయలేదంటే, ఆపరేటరుతో మాట్లాడుతూ కూర్చుంటే రోగిని వదిలేసినట్టవుతుందని డిటెక్టివులతో అన్నాడు. ఆరు నిమిషాల్లో పారామెడిక్స్ వచ్చారు. ఎప్పుడు జరిగిందని అడిగితే, మీకు ఫోను చేసినప్పుడే అన్నాడు. వాళ్లు తాకి చూస్తే ఒళ్లు చల్లబడి ఉంది. కళ్లు ఎండిపోయాయి. చేతులూ కాళ్లూ నీలం తిరిగాయి. ఏం మందులిచ్చారంటే లోరాజెపామ్ ఒక్కటే చెప్పాడు. తర్వాత యూసీఎల్‌ఏ ఆసుపత్రిలో డాక్టర్లు అడిగినా అదే. ప్రొపోఫాల్ అన్న మాట నోటి నుంచి రాలేదు. మధ్యాహ్నం 2:26కు జాక్సన్ మరణించినట్టు ప్రకటించారు.

ప్రాణం కాపాడటానికి వచ్చినవాళ్లు అడిగినప్పుడు దాచి, రెండు రోజులయ్యాక లాయరు పక్కన ఉండగా చెప్పిన నిజం అది. దాన్ని నిజాయితీ అని నేను అనలేను.

సినిమావాళ్లెవరైనా హఠాత్తుగా చనిపోతే మన దగ్గర ఏం జరుగుతుందో చూస్తూనే ఉన్నాం. సాయంత్రానికల్లా చనిపోయినవాళ్ల భార్య, స్నేహితుడు, మేనేజరు మాట్లాడిన వీడియోలు ముక్కలుగా కోసి, ఎర్ర బాణం గీసి వదులుతారు. ఇదిగో, ఇక్కడ కళ్లు దించుకుంది. ఇక్కడ నీళ్లు నమిలాడు. ఇక్కడ కన్నీళ్లు రాలేదు. లక్షల మంది చూసి తీర్పు చెప్పేస్తారు. దుఃఖంలో ఉన్న మనిషికి అంతకన్నా అన్యాయం ఇంకొకటి లేదు. అబద్ధమాడేవాడు కళ్లలోకి చూడలేడన్న నమ్మకం మన ఒక్కరిదే కాదు, యాభైకి పైగా దేశాల్లో అడిగితే జనం ఎక్కువగా చెప్పిన గుర్తు అదే. అది నిలవదని పరిశోధనలు పదేపదే తేల్చాయి. 2006లో చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో ఇరవై నాలుగు వేలకు పైగా మంది మీద జరిగిన ప్రయోగాల ఫలితాలు పోగుచేసి చూశారు. ఎదుటివాడు చెప్పేది అబద్ధమా నిజమా అన్నది జనం సరిగ్గా చెప్పగలిగింది నూటికి 54 సార్లు. బొమ్మా బొరుసూ వేసినా దాదాపు అంతే వస్తుంది. ముఖం చూసి తీర్పు చెప్పేవాళ్లను ఆ హోటల్ గదిలో కూర్చోబెట్టి ఉంటే, ముర్రే మంచి డాక్టరని చెప్పి లేచి వచ్చేవారేమో.

2006లోనే స్వీడన్‌లో మరియా హార్ట్‌విగ్ బృందం శిక్షణలో ఉన్న పోలీసులతో ఇంకో ప్రయోగం చేసింది. మీ దగ్గర ఉన్న సాక్ష్యాన్ని ముందే బయటపెట్టకండి, ముందు అవతలివాణ్ని పూర్తిగా చెప్పనివ్వండి, ఆ తర్వాత సాక్ష్యం పక్కన పెట్టి చూడండి అని కొందరికి నేర్పారు. నేర్చుకున్నవాళ్లు నూటికి 85 దాకా సరిగ్గా పట్టారు, నేర్చుకోనివాళ్లు 56 దగ్గర ఆగిపోయారు. స్మిత్, మార్టినెజ్‌ల చేతిలో ఆ రోజు ఏ సాక్ష్యమూ లేదు, నిజమే. కానీ ముర్రేను ఆపకుండా చెప్పనిచ్చారు. ఆ ఓపికే తర్వాత పనికొచ్చింది. చెప్పిన మాట రికార్డులో గట్టిగా కూర్చుంది, పక్కన పెట్టి చూసే కాగితాలు ఒక్కొక్కటే వచ్చాయి. వాటిలో లాస్ వేగాస్ ఫార్మసీ లెక్కలూ ఉన్నాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ముర్రే తెప్పించిన ప్రొపోఫాల్ పదిహేను లీటర్లు దాటింది.

మన చట్టంలోనైతే నిందితుడు పోలీసు ఎదుట నేరం ఒప్పుకున్నా కోర్టులో చెల్లదు. పాత ఎవిడెన్స్ యాక్టు 25వ సెక్షన్ అదే చెప్పింది, కొత్త సాక్ష్య అధినియమ్‌లోనూ ఆ రక్షణ కొనసాగుతోంది. స్టేషన్లలో ఏం జరుగుతుందో తెలిసినవాళ్లెవరూ దాన్ని తీసేయమనరు. అయితే ముర్రే ఆ గదిలో నేరమేదీ ఒప్పుకోలేదు. తన వైపు కథ చెప్పాడు, ఆ కథే అడ్డం తిరిగింది.

విచారణ 2011 సెప్టెంబరు 27న మొదలైంది. జాక్సనే తనంతట తాను మందు ఎక్కించుకున్నాడన్నది డిఫెన్సు వాదన. ఇచ్చానని ముర్రే డిటెక్టివులతో చెప్పిన 25 మిల్లీగ్రాముల ప్రొపోఫాల్‌కూ రక్తంలో దొరికిన మోతాదుకూ పొంతన లేదనీ, డ్రిప్ నడుస్తూ ఉండగానే ప్రాణం పోయిందనీ మత్తుమందుల నిపుణుడు డాక్టర్ స్టీవెన్ షేఫర్ వివరించాడు. ముర్రే సాక్షి బోనెక్కలేదు. నవంబరు 7న జ్యూరీ దోషిగా తేల్చింది. నేరం తీవ్ర నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం తీయడం.

సాక్షి బోనెక్కని మనిషి టీవీలో మాట్లాడాడు. తీర్పుకు ముందే రికార్డు చేసిన ఎన్‌బీసీ ఇంటర్వ్యూను తీర్పు వచ్చాక ప్రసారం చేశారు. పారామెడిక్స్‌కు ప్రొపోఫాల్ సంగతి ఎందుకు చెప్పలేదని సవానా గుత్రీ అడిగింది. అది లెక్కలోకి వచ్చే విషయం కాదు కాబట్టి అన్నాడు. ఫోనులో మాట్లాడటానికి గది విడిచి వెళ్లావా అని అడిగింది. అవును, ఆయన విశ్రాంతి తీసుకోవాలని అన్నాడు.

రెండు ఇంటర్వ్యూలూ పక్కపక్కన పెట్టి చూడండి. 2009 జూన్‌లో ఫోన్ రికార్డు ఎవరి చేతిలోనూ లేదు, అప్పుడు వెళ్లింది బాత్రూముకు, రెండు నిమిషాలు. 2011కు రికార్డు లోకమంతా చూసింది, ఇప్పుడు వెళ్లింది ఫోను మాట్లాడటానికి, అదీ రోగి మీద దయతో. గొంతు అప్పుడూ నిబ్బరంగానే ఉంది, ఇప్పుడూ నిబ్బరంగానే ఉంది. మారింది ఎదుటివాళ్లకు తెలిసిన సంగతి, దాంతో పాటే కథ.

నవంబరు 29న శిక్ష చెప్పేటప్పుడు జడ్జి మైకేల్ పాస్టర్ ఆ టీవీ మాటల్ని వదిలిపెట్టలేదు. పశ్చాత్తాపం లేకపోగా చనిపోయినవాడి మీదే నెపం వేస్తున్నాడని మండిపడ్డాడు. తప్పు వైద్యంతో పాటు డాక్టరు ఆడిన అబద్ధాలనూ ఎత్తిచూపి, చట్టం అనుమతించిన గరిష్ఠ శిక్ష, నాలుగేళ్ల జైలు వేశాడు.