దాచుకోని గొంతు

మన సంఘం ప్రత్యేక సంచికలో ఒక జపాను స్త్రీని గురించి వ్యాసమేమిటని పెద్దలు అడగవచ్చును. అడగడం న్యాయమే. ఈ మలయా దేశంలో 1942 నుంచి 1945 వరకు జపాను పాలన సాగింది. ఆ రోజుల్లో సయాం రైలుమార్గం పనికి తోటల నుంచి తీసుకుపోయిన కూలీలలో మనవారూ ఉన్నారు. చాలామంది తిరిగి రాలేదు. మా తాతల చెవికి జపాను భాష అంటే అరుపు, ఆజ్ఞ. అటువంటి ఇళ్లలోనే మా మనవలు ఒక నీలిరంగు పిల్లి బొమ్మను టెలివిజనులో చూచి కేరింతలు కొడుతున్నారు. దాని పేరు డోరేమాన్. మన దేశంలో అది మలాయు భాష మాట్లాడుతుంది. సొంత దేశంలో మాత్రం 26 సంవత్సరాలు ఒకే స్త్రీ గొంతుతో మాట్లాడింది. ఆమె ఎవరని సాయంకాలపు తెలుగు తరగతిలో ఒక పిల్లవాడు అడిగాడు. మేము తెలుసుకొని చెప్పిన సంగతులనే ఇక్కడ వ్రాస్తున్నాము.

ఆమె పేరు నొబుయో ఓయామా. 1933 అక్టోబరు 16న టోక్యో నగరంలో జన్మించారు. చిన్ననాటి నుంచి ఆమెది బొంగురు గొంతు. ఆడపిల్లకు అటువంటి గొంతేమిటని బడిలో తోటి పిల్లలు నవ్వేవారు. ఆమెకు నలుగురిలో నోరు విప్పాలంటేనే జంకు పుట్టింది. అప్పుడు తల్లి ఆమెను ఊరుకోబెట్టి వదలలేదు. బలహీనంగా ఉన్నదని ఒకదాన్ని దాచి కాపాడుకుంటే అది ఇంకా బలహీనమవుతుందని, గొంతును రోజూ వాడమని బోధించారు. ఆ మాట విని ఓయామా తన బడిలో ప్రసారాలు నడిపే పిల్లల బృందంలో చేరారు. తరువాత నటన నేర్చుకున్నారు. అమ్మ మాటే ఆమెకు బ్రతుకుతెరువు చూపింది.

గొంతుతో నటించేవారిని జపానులో ‘సెయ్యూ’ అంటారు. ఆ పని తేలికని అనుకోరాదు. బొమ్మ తెర మీద కదులుతూ ఉంటుంది. నటులు వ్రాతప్రతిని చేతబట్టి మైకుల ముందు నిలబడి, బొమ్మ పెదవి కదిలే వేళకు తమ మాట పలకాలి. కాగితం తిప్పిన చప్పుడు కూడా వినబడకూడదు. మగపిల్లల పాత్రలకు తరచుగా స్త్రీలే గొంతు ఇస్తారు. పిల్లవాడు పెరిగితే గొంతు మారిపోతుంది, స్త్రీ గొంతు ఏళ్ల తరబడి నిలుస్తుంది. కాబట్టి బడిలో నవ్వులపాలైన ఓయామా గొంతుకే ఇక్కడ పని దొరికింది.

1957లో ఒక అమెరికా టెలివిజను కథకు జపాను మాటలు పలకడంతో ఆమె గాత్రనటన ఆరంభమైంది. 1960లో మొదలైన మూడు పందిపిల్లల బొమ్మల కార్యక్రమంలో ఒక పందిపిల్లకు ఆమె గొంతు ఇచ్చారు. అందులో మరొక పందిపిల్ల గొంతు ‘తొత్తోచాన్’ గ్రంథకర్త్రి టెట్సుకో కురోయానగిది. 1969లో ‘సజాయె సాన్’ అనే కుటుంబ కథ బొమ్మలుగా వచ్చినప్పుడు, అందులోని అల్లరి తమ్ముడు కత్సువోకు మొదటి గొంతు ఓయామాదే.

ఇక డోరేమాన్ సంగతి. తరువాత ఫుజికో ఎఫ్. ఫుజియో అనే కలంపేరు పెట్టుకున్న హిరోషి ఫుజిమోతో ఈ బొమ్మల కథను 1969 చివర ప్రారంభించారు. చదువులో వెనుకబడిన నోబితా అనే పిల్లవానికి సాయం చేయడానికి 22వ శతాబ్దం నుంచి ఒక మరపిల్లి వస్తుంది. 1973లో ఒకసారి దీనిని టెలివిజనులో చూపించారు. ఇద్దరు నటులు ఒకరి తరువాత ఒకరు గొంతు ఇచ్చినా, ఆరు నెలలకే అది ఆగిపోయింది. 1979 ఏప్రిల్ 2న మరొక సంస్థ మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి పిల్లి గొంతు ఓయామాది. అప్పటికి ఆమె వయస్సు 45.

ఇక్కడ ఆమె చేసిన ఒక పనిని ఉపాధ్యాయులమైన మేము మరువలేము. ఈ పిల్లి పిల్లవాని బాగుకోసం పంపబడినది గనుక దాని నోట చెడ్డమాట రాకూడదని ఆమె నిశ్చయించుకున్నారు. తోటి నటులు కూడా మోటు మాటలు తగ్గించుకున్నారు. పిల్లి తన్ను తాను ఎరుకపరచుకునే మాట ‘బొకు డోరేమాన్ దెసు’. ‘బొకు’ అంటే నేను, మగపిల్లలు తమను గురించి చెప్పుకునే మాట. ‘దెసు’ మర్యాద కోసం చివర చేర్చేది, మన ‘అండి’ వంటిది. ‘నేను డోరేమాన్‌నండి’ అన్నమాట. మా తాతలు అరుపుగా విన్న భాషలోనే ఒక స్త్రీ పిల్లలకు ‘అండి’ నేర్పారు. తన గొంతు సరిపోతున్నదా అని ఆమె శంకించినప్పుడు, డోరేమాన్ గొంతు ఇలాగే ఉంటుందన్నమాట అని ఫుజిమోతో మెచ్చుకొన్నారట.

1980 నుంచి 2004 వరకు వచ్చిన 25 డోరేమాన్ చలనచిత్రాలలోనూ ఆమె గొంతే వినిపించింది. 2001లో క్యాన్సరుకు చికిత్స పొంది, కోలుకుని మళ్లీ మైకు ముందు నిలిచారు. 2005లో ఓయామాతోపాటు ముఖ్యపాత్రల నటులు ఐదుగురూ ఒకేసారి తప్పుకొన్నారు. పిల్లి గొంతు వసాబి మిజుతా అనే యువనటికి అప్పగించబడింది. కొత్త గొంతు విని పాత శ్రోతలు బాధపడ్డారు. కాని నాటినుంచి పుట్టిన పిల్లలకు మిజుతా గొంతే డోరేమాన్ గొంతు.

మరుసటి ఏడు ఓయామా తన జ్ఞాపకాలను పుస్తకంగా వెలువరించారు. దాని పేరు ‘బొకు, డోరేమాన్ దెషిత’. ‘దెసు’ అన్నచోట ‘దెషిత’ పెట్టారు, అంతే. వర్తమానం భూతకాలమైంది. తెలుగులో ‘నేను డోరేమాన్‌గా ఉండేవాణ్ణండి’ అని చెప్పుకోవలసి ఉంటుంది. ఇరవై ఆరేళ్ల పనిని ఆమె ఒక్క క్రియలో ముగించారు. అయినా గొంతును మూలపెట్టలేదు. 2010లో ఒక వీడియో ఆటలో క్రూరమైన ఎలుగుబంటి పాత్రకు అదే గొంతు ఇచ్చి వినేవారిని హడలగొట్టారు.

తరువాత జ్ఞాపకాలను హరించే వ్యాధి ఆమెను పట్టుకున్నది. 2015లో భర్త కెయిసుకె సగావా రేడియోలో ఆ సంగతిని బయటపెట్టారు. 2017లో ఆయనే ముందు వెళ్లిపోయారు. 2024 సెప్టెంబరు 29న, 90 ఏళ్ల వయస్సులో ఓయామా కన్నుమూశారు. నోబితా గొంతు నొరికో ఒహారా అదే సంవత్సరం జూలైలో మరణించారు.

ఇక మా సంగతి ఒకటి చెప్పుకోవాలి. మేము ఈ దేశంలో మూడవ తరం. పడుచుతనంలో ఒక సభలో తెలుగు మాట్లాడితే, మా యాస విని ఒక అతిథి నవ్వారు. ఆనాటి నుంచి చాలా ఏళ్లు తెలుగు నోట రానివ్వలేదు. నడివయస్సులో సాయంకాలపు తరగతిలో చేరి, చిన్నపిల్లల పక్కన కూర్చుని అ ఆలు దిద్దుకున్నాము. దాచుకున్న ఆ ఏళ్లలో మా తెలుగు బాగుపడలేదు, బక్కచిక్కింది. మా అవ్వ పలికే మాటలెన్నో ఈ మధ్యలో పోయాయి. అడిగి తెలుసుకుందామంటే ఆమె లేదు. ఓయామా తల్లి చెప్పిన మాటలో ఎంత నిజమున్నదో అందుకే మాకు తెలుసు.

ఇప్పుడు మా తరగతిలో ఒక నియమం పెట్టుకున్నాము. పాఠానికి ముందు ప్రతి పిల్లవాడు, ప్రతి పిల్ల లేచి నిలబడి, గట్టిగా తన పేరు చెప్పి చివర ‘అండి’ చేర్చాలి. యాస ఎలాగున్నా ఎవరూ నవ్వరాదు. తల్లిదండ్రులారా, మీ ఇంట్లో కూడా ఈ నియమం పెట్టండి. పిల్లలు తప్పుగా పలికినా పలకనివ్వండి. పలికితేనే దిద్దగలము.