మేస్త్రీ ఎక్కడివాడు?

చేవెళ్ళ, మొయినాబాదు దారిలో కొత్త ఇళ్ళు లేస్తున్నచోట ఎక్కువగా వినబడే పిలుపు ఏదో గమనించారా? "ఓ మేస్త్రీ!" ఇటుక తగ్గినా, సిమెంటు చాలకపోయినా అదే కేక. ఇంతగా మనదైపోయిన ఈ మాట నిజానికి పోర్చుగీసువారి 'మెస్త్రె'. 1498లో వాస్కో డ గామా కాలికట్టు చేరిన తరవాత మన దేశంలో పాతుకున్న మాటల్లో ఇదొకటి. మన అలమారా, బొత్తాం, తువ్వాలు కూడా ఆ బాపతువే సుమండీ.

దీని పుట్టిల్లు లాటిన్ భాష. అక్కడ 'మగిస్తెర్' అంటే పైవాడు, పెద్ద. దానికి ఎదురుమాట 'మినిస్తెర్', కిందనుండి సేవ చేసేవాడు. ఆ సేవకుడే నేటి మినిస్టరు! మంత్రిగార్లకు ఈ సంగతి ఎవరు చెబుతారు? మగిస్తెర్‌గారు ఫ్రాన్సులో 'మేత్ర్' అయ్యారు. అక్కడ వకీలును ఇప్పటికీ అలాగే పిలుస్తారు. ఇటలీలో 'మాయెస్త్రో' అంటే సంగీత విద్వాంసుడు. జర్మనీలో 'మైస్టర్' అంటే చేతిపనిలో ఆరితేరినవాడు. ఇంగ్లీషులో మాస్టరు, అది అరిగి మిస్టరు. మన బడిలో 'మాస్టారు' అయింది ఈ ఇంగ్లీషు మాటే. అంటే ఒకే మనిషి మన గడప రెండుసార్లు తొక్కాడు: ఒకసారి తాపీతో, ఒకసారి బెత్తంతో.

దక్షిణాదిన ఇళ్ళలో వంటవాణ్ణీ, దర్జీనీ కూడా మేస్త్రీ అనేవారని 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు చెబుతుంది. కోస్తా జిల్లాల నుంచి రంగూను మిల్లులకు కూలీలను తీసుకుపోయినవాడూ మేస్త్రీయే. అడ్వాన్సు ఇచ్చి, ఆపైన కూలి డబ్బులో వాటా పట్టుకునేవాడు. ఆ కుటుంబాల చెవికి ఈ మాట తియ్యగా ఉండి ఉండదు.

మరి ఆడవాళ్ళ సంగతి? స్పెయిన్‌లో 'మాయెస్త్రా' అంటే పంతులమ్మ. ఇంగ్లీషులో మిస్ట్రెస్ అంటే ఇంటి యజమానురాలు. మిస్, మిసెస్ రెండూ దాన్ని కుదించగా వచ్చినవే. 18వ శతాబ్దంలో కూడా, ఇంటి పెత్తనం చేసే స్త్రీని పెళ్ళి కాకపోయినా మిసెస్ అనేవారు. అదే మిస్ట్రెస్‌కు ఉంపుడుకత్తె అనే అర్థమూ అంటుకుంది. మాస్టరుకు అలాంటి మచ్చ ఏదీ అంటలేదు చూడండి!

మన మేస్త్రీకి మాట చివర 'స్త్రీ' ఉంది గానీ, ఆడరూపం మాత్రం స్థిరపడలేదు. తాపీ పట్టడం నేర్చిన కుర్రవాడు కొన్నేళ్ళకు మేస్త్రీ అవుతాడు. అతనికి ఇసుక జల్లించి, మాలు కలిపి, తట్ట నెత్తికెత్తుకుని అందించే ఆమె ఎన్నేళ్ళు పనిచేసినా కూలిమనిషే.