స్పోర్ట్స్ కారు ఎగ్జాస్ట్: ధ్వని స్థాయి సవరణ

స్పోర్ట్స్ కారు వెనుక గొట్టం నుంచి వచ్చే ధ్వని యజమాని చెవికి నచ్చేలా, రోడ్డు చట్టానికీ రేసు ట్రాక్ నిబంధనకూ లోబడేలా సైలెన్సర్లను, రెజొనేటర్లను, గొట్టాలను, వాల్వులను మార్చడాన్ని ఎగ్జాస్ట్ ధ్వని సవరణ అంటారు. ఈ మాట వినగానే మోత పెంచడమే చాలామందికి స్ఫురిస్తుంది. నిజానికి మోత తగ్గించడం, ఉన్న మోతలోనే చెవికి గుచ్చుకునే భాగాన్ని ఏరివేయడం కూడా ఈ పనిలో భాగాలే. వీటిలో చివరిదే కష్టమైనది. ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే.

చరిత్ర

కారు సైలెన్సర్‌ను మొదట రూపొందించింది ఎవరన్న విషయంలో రెండు కథనాలున్నాయి. తుపాకీ సైలెన్సర్‌కు 1909లో పేటెంటు పొందిన అమెరికన్ హైరమ్ పెర్సీ మ్యాక్సిమ్‌కే కారు సైలెన్సర్ ఘనతనూ కట్టబెట్టడం జనాదరణ పొందిన రచనల్లో తరచు కనిపిస్తుంది. అయితే ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్ పట్టణానికి చెందిన మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ సోదరులకు ఇంజిన్ ఎగ్జాస్ట్ మఫ్లర్ మీద అమెరికా పేటెంటు 1897 మే నెలలోనే దక్కింది. తేదీతో సహా పత్రం ఉన్నది కాబట్టి రీవ్స్ సోదరుల పక్షమే బలంగా తోస్తుంది. వారికి ముందు ఇంకెవరూ ప్రయత్నించలేదని మాత్రం దీన్నిబట్టి చెప్పలేం. మ్యాక్సిమ్ కూడా తర్వాతి కాలంలో ఇంజిన్ సైలెన్సర్ల మీద పనిచేశాడు. రెండు కథలు కలిసిపోవడానికి అదే కారణం కావచ్చు.

ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల కార్లలో కటౌట్ అనే అమరిక ఉండేది. డ్రైవరు మీటను కదిపితే పొగ సైలెన్సర్‌లోకి వెళ్లకుండా ముందే బయటపడేది. మోత భరించలేక అమెరికాలోని పలు నగరాలు దీన్ని నిషేధించాయి. ఈనాటి వాల్వు ఎగ్జాస్ట్‌ది అదే సూత్రం. 1990ల మొదట్లో వచ్చిన మిత్సుబిషి 3000జీటీ వీఆర్-4లో టూర్, స్పోర్ట్ అనే రెండు స్థితుల ఎగ్జాస్ట్‌ను కంపెనీయే అమర్చి ఇచ్చింది.

ఎగ్జాస్ట్ మార్చుకోవడాన్ని సామాన్య కార్ల యజమానుల దాకా తెచ్చినవారిలో కార్లో అబార్త్‌ది ముఖ్యమైన పేరు. వియన్నాలో పుట్టిన ఈయన 1949లో ఇటలీలో స్థాపించిన సంస్థ రేసు కార్లతో పాటు చిన్న ఫియట్లకు బిగించుకునే ఎగ్జాస్టులనూ అమ్మింది. సంస్థను నిలబెట్టిన ఆదాయంలో వీటి వాటా పెద్దదని అంటారు.

ధ్వని స్వభావం

నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకోసారి మండుతుంది. నిమిషానికి తిరిగే చుట్లను 60తో భాగించి, సిలిండర్ల సంఖ్యలో సగంతో గుణిస్తే ప్రధాన పౌనఃపున్యం వస్తుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ది 100 హెర్ట్జ్, ఆరు సిలిండర్లది 150, ఎనిమిది సిలిండర్లది 200. పది సిలిండర్ల లెక్సస్ ఎల్ఎఫ్ఏ 9000 ఆర్‌పీఎం దగ్గర 750 హెర్ట్జ్‌కు చేరుతుంది. ఆ కారు ధ్వని మీద యమహా ప్రత్యేకంగా పనిచేసిందన్నది అందరికీ తెలిసిందే. అయితే అంత తారస్థాయి అందుకోవడానికి తొలి ఆధారం సిలిండర్ల సంఖ్య, ఇంజిన్ వేగం. సైలెన్సర్ పాత్ర ఆ తర్వాతే.

స్వరం తేడాకు మరో మూలం పేలుళ్ల మధ్య ఎడం. ఫెరారీ వీ8లలో ఒక్కో వరుసలోని సిలిండర్లు సమాన ఎడంతో మండుతాయి. అమెరికన్ వీ8లలో మొత్తం మీద ఎడం సమంగానే ఉన్నా ఒక్కో వరుసలో అది ఎగుడుదిగుడు. అందుకే ఫెరారీ వీ8 కీచుమంటుంది, అమెరికన్ వీ8 గుడగుడమంటుంది. పాత సుబారు టర్బో కార్ల గుడగుడకు కారణం వేరు: అక్కడ సిలిండర్ల నుంచి పొగను బయటికి తెచ్చే హెడర్ గొట్టాల పొడవుల్లో తేడా ఉంది. సమాన పొడవు హెడర్ బిగిస్తే ఆ గుర్తింపు ధ్వని పోతుంది. సైలెన్సర్ ఒక్కటి మార్చి ఒక కారును మరో కారులా పలికించాలనుకునేవారు ఇక్కడే నిరాశపడతారు.

మాజ్దా ఎంఎక్స్-5 ఈ రంగంలో పదేపదే ఉదాహరణకు వస్తుంది. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో తొలిసారి ప్రదర్శించిన ఈ చిన్న రోడ్‌స్టర్‌కు ఎగ్జాస్ట్ స్వరాన్ని ఇంజినీర్లు ప్రత్యేకంగా ఎంపిక చేశారు. వందకు పైగా ధ్వనులను విని ఒకటి తేల్చారన్న కథనం ప్రచారంలో ఉంది. సంఖ్యను పక్కనపెడితే, తక్కువ మోతతోనే ఆహ్లాదం తేవచ్చనడానికి ఆ కారే సాక్ష్యం.

స్థాయిని కొలవడం

డెసిబెల్ లాగరిథమిక్ కొలత. సమాన ధ్వని ఉన్న రెండు మూలాలు కలిస్తే పెరిగేది 3 డెసిబెల్లే. చెవికి రెట్టింపు మోతగా తోచాలంటే సుమారు 10 పెరగాలి. మధ్యలో అడ్డంకి లేనిచోట దూరం రెట్టింపైతే 6 తగ్గుతుంది. ‘నా కారు 95 డెసిబెల్లు’ అన్న మాటకు దూరం, ఆర్‌పీఎం తోడవనిదే అర్థం లేదు. అమ్మకందారుల ప్రకటనల్లో ఈ రెండూ కనిపించడం అరుదు.

నిలబెట్టిన కారును కొలిచే పద్ధతికి ఐఎస్ఓ 5130 ప్రమాణం ఉంది. గొట్టం మూతికి అర మీటరు దూరంలో, పొగ వచ్చే దిశకు 45 డిగ్రీల కోణంలో, మూతి ఎత్తులోనే మైకు నిలపాలి. మూతి ఎంత కిందికున్నా మైకు నేలకు 20 సెంటీమీటర్ల కంటే దిగకూడదు. ఇంజిన్‌ను నిర్ణీత వేగానికి తెచ్చి కాసేపు నిలిపి, ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలేస్తారు. ఆ మొత్తం వ్యవధిలో వచ్చిన గరిష్ఠ అంకెనే తీసుకుంటారు. మైకు కొద్దిగా వెనక్కి జరిగినా, పక్కన గోడ ఉన్నా అంకె మారిపోతుంది. ఇంటి ముందు ఫోను యాప్‌తో తీసిన కొలతలను నమ్మకపోవడానికి ఇది చాలు.

కాలిఫోర్నియా రోడ్ల మీద మామూలు కార్లకు 95 డెసిబెల్ల పరిమితి ఉంది. కొలిచేది ఇలాగే అర మీటరు నుంచి. అదే రాష్ట్రంలో 1957లో తెరిచిన లగూనా సెకా ట్రాక్ మీద చాలా రోజుల్లో పరిమితి 90. అంకె చూస్తే ట్రాక్ నిబంధనే కఠినమనిపిస్తుంది. కానీ ట్రాక్‌లో కొలిచేది 50 అడుగుల నుంచి, అంటే సుమారు 15 మీటర్ల నుంచి. అర మీటరుకూ 15 మీటర్లకూ మధ్య లెక్క ప్రకారం దాదాపు 30 డెసిబెల్ల తేడా. ట్రాక్‌లో పూర్తి థ్రాటిల్ మీద కొలుస్తారు, రోడ్డు పరీక్షలో కారు నిలబడి ఉంటుంది కాబట్టి రెంటినీ నేరుగా పోల్చడం కుదరదు. అయినా ట్రాక్‌దే ఉదారమైన పరిమితి అన్నది స్పష్టం.

ఇంకో చిక్కు ఉంది. నిబంధనలన్నీ ఎ-వెయిటింగ్ వాడతాయి. మంద్ర స్వరాలను మానవ శ్రవణం తక్కువగా పట్టుకుంటుంది కాబట్టి మీటరు వాటిని తగ్గించి లెక్కిస్తుంది. 100 హెర్ట్జ్ దగ్గర ఆ తగ్గింపు 19 డెసిబెల్లు. అందువల్ల పరీక్షలో సులువుగా నెగ్గిన కారు కూడా హైవే మీద లోపల కూర్చున్నవారికి నరకం చూపించవచ్చు.

సైలెన్సర్ రకాలు

పీల్చుకునే రకంలో చిల్లుల గొట్టం నేరుగా సాగిపోతుంది. దాని చుట్టూ గ్లాస్ ఊల్ గాని స్టీలు ఊల్ గాని దట్టించి ఉంటుంది. గాలి ప్రవాహానికి అడ్డు తక్కువ. హెచ్చు పౌనఃపున్యాలను బాగా పీలుస్తుంది, మంద్రాన్ని దాదాపు వదిలేస్తుంది. గదుల రకంలో తెరలు, గదులు ధ్వని తరంగాన్ని వెనక్కి కొట్టి దానితోనే దాన్ని రద్దు చేస్తాయి. ఇది మంద్రానికి మేలు. బరువు, ప్రవాహానికి అడ్డు మాత్రం ఎక్కువ. కంపెనీ సైలెన్సర్లలో తరచు రెండూ కలిసి ఉంటాయి.

గ్లాస్ ఊల్ శాశ్వతం కాదు. వేడికి పెళుసై, పొడిపొడిగా చిల్లుల్లోంచి కొద్దికొద్దిగా కొట్టుకుపోతుంది. పాత సైలెన్సర్‌ను కోసి చూస్తే గొట్టం చుట్టూ ఊల్ అరిగి ఖాళీ కనిపిస్తుంది, మిగిలింది మసి పట్టిన గడ్డలా ఓ మూల అణిగి ఉంటుంది. కొత్తలో నిబంధనకు ఒకటి రెండు డెసిబెల్లు మాత్రమే తక్కువగా ఉన్న ఎగ్జాస్ట్ కాలం గడిచాక పరీక్ష తప్పేది ఇందుకే. కొనేటప్పుడే ఆ వెసులుబాటు చూసుకోవాలి. ఊల్ మళ్లీ నింపుకునే వీలున్న బోల్టుల రకం దొరికితే మేలు.

క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా కొంత ధ్వనిని అణుస్తుంది. దాన్ని తీసేసి ఉత్త గొట్టం బిగిస్తే వచ్చే రేకు గరగర నిస్సాన్ 350జెడ్, 370జెడ్ వీ6 యజమానులకు బాగా పరిచయం. కాలుష్య చట్టం రీత్యా అది తప్పు. ధ్వని పరంగానూ సమర్థించడానికి ఏమీ లేదు.

హోరు, దాని చికిత్స

స్థిర వేగంతో వెళ్తున్నప్పుడు లోపల గుయ్యిమని చెవులు నొక్కేసే హోరును ఈ రంగంలో డ్రోన్ అంటారు. ఇంజిన్ ప్రధాన పౌనఃపున్యం క్యాబిన్ కుహరపు సహజ పౌనఃపున్యంతో కలిసి అనునాదం చెందడమే కారణం. సాధారణంగా 2000, 3500 ఆర్‌పీఎంల మధ్య ఎక్కడో వస్తుంది. దురదృష్టవశాత్తు హైవే వేగాలు అక్కడే ఉంటాయి.

చాలామంది దీనికి ఇంకా పెద్ద సైలెన్సర్ బిగిస్తారు. మొత్తం ధ్వని తగ్గుతుంది, ఇష్టపడిన స్వరమూ పోతుంది, హోరు మాత్రం కొంత మిగులుతుంది. దానికంటే ఆ ఒక్క పౌనఃపున్యాన్ని పట్టుకోవడం మేలు. అందుకు రెండు మార్గాలు. ఒకటి హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్స్ పేరుతో పిలిచే అనునాద గది. ఆయన 1863 నాటి గ్రంథంలో ఈ అనునాదకాల వివరణ ఉంది. రెండోది జే-పైపు: ప్రధాన గొట్టానికి పక్కన వెల్డింగ్ చేసి, చివర మూసేసిన కొమ్మ గొట్టం. పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు ఉంటే, లోపలికి వెళ్లి తిరిగొచ్చిన తరంగం వ్యతిరేక దశలో కలిసి ఆ స్వరాన్ని రద్దు చేస్తుంది.

తొలి తరం ఎంఎక్స్-5 ఐదో గేరులో గంటకు 100 కిలోమీటర్ల దగ్గర ఇంజిన్ సుమారు 3200 ఆర్‌పీఎం తిరుగుతుంది. ప్రధాన పౌనఃపున్యం 107 హెర్ట్జ్. 300 డిగ్రీల సెల్సియస్ వాయువులో ధ్వని వేగం సెకనుకు సుమారు 480 మీటర్లు. 480ని 107తో, మళ్లీ నాలుగుతో భాగిస్తే 1.12 మీటర్లు. మామూలు గాలి వేగం 343తో లెక్కిస్తే 80 సెంటీమీటర్లే. మూసిన కొమ్మలో ప్రవాహం ఉండదు కనుక అక్కడి వాయువు ప్రధాన గొట్టంలో కంటే చల్లగా ఉంటుంది. సరైన పొడవు ఈ రెంటి మధ్య పడుతుంది. కాబట్టి కాస్త పొడవుగా కోసి, తాత్కాలికంగా క్లాంపుతో మూసి, రోడ్డు మీద నడిపి చూసి తగ్గించుకుంటూ పోవడమే నమ్మదగిన పద్ధతి. పొడవు సరిపోయాక మూత వెల్డింగ్ చేస్తారు. అంత పొడవును చిన్న కారు కింద ఇమడ్చడానికే దాన్ని జే ఆకారంలో వంచేది.

ఇది ఒక ఇరుకైన పట్టీ మీదే పనిచేస్తుంది. హోరు రెండు చోట్ల వస్తే రెండు కొమ్మలు కావాలి.

బ్యాక్ ప్రెషర్ వివాదం

ఇంజిన్‌కు కొంత వెనుక పీడనం అవసరమని, లేకపోతే తక్కువ వేగాల్లో టార్క్ పడిపోతుందని మెకానిక్కుల్లో బలమైన నమ్మకం. మరీ లావు గొట్టం వేస్తే టార్క్ పడిపోవడం కొన్ని కార్లలో నిజమే. అందుకు ఎక్కువ ఆధారమున్న వివరణ వేరు: గొట్టం వెడల్పయితే వాయువు వేగం తగ్గి, తర్వాతి సిలిండర్‌ను ఖాళీ చేయడానికి తోడ్పడే లాగుడు బలహీనమవుతుంది. పీడనం దానంతట అది చేసే మేలేమీ లేదు.

ట్రాక్‌లో

లగూనా సెకాకు వచ్చేవారు గొట్టం మూతికి వంపు ముక్క బిగించి, కొలిచే గది ఉన్న వైపు కాకుండా అవతలి వైపుకు తిప్పుతారు. హెచ్చు పౌనఃపున్యాలు ఒక దిశలోనే ఎక్కువగా ప్రసరిస్తాయి కాబట్టి దీనికి ఫలితముంది. కొందరు మైకు ముందు యాక్సిలరేటర్ తగ్గిస్తారు, దాంతో ల్యాపు సమయం పోతుంది. బ్రిటన్ ట్రాక్ రోజుల్లో కారును నిలబెట్టి, గరిష్ఠ ఆర్‌పీఎంలో నాలుగింట మూడు వంతుల దగ్గర కొలవడం ఆనవాయితీ. కనెక్టికట్‌లోని లైమ్ రాక్ ట్రాక్ మీద ఆదివారం రేసుల నిషేధం 1959 నాటి కోర్టు ఆదేశంతో వచ్చినది. పొరుగువారి ఓర్పు తప్పితే ట్రాకులే మూతపడే ప్రమాదముంది కనుక, ఈ పరిమితులను రేసు ప్రియులే కాపాడుకోవలసి ఉంటుంది.

చట్టాలు

ఐరోపాలో కొత్త కార్లకు ఐక్యరాజ్యసమితి 51వ రెగ్యులేషన్, విడిగా అమ్మే సైలెన్సర్లకు 59వ రెగ్యులేషన్ వర్తిస్తాయి. 51లోని మూడో దశ ప్రకారం 2024 నుంచి కొత్త నమూనాల్లో మామూలు కార్లకు 68, అధిక శక్తి ఉండి సీటు నేలకు దగ్గరగా ఉన్న స్పోర్ట్స్ కార్లకు 72 డెసిబెల్ల పరిమితి. ఇది కారు కదులుతుండగా కొలిచేది. పరీక్ష వేగాల్లో మాత్రమే మూసుకుని మిగతాచోట్ల తెరుచుకునే వాల్వుల ఎత్తుగడను అడ్డుకోవడానికి అదనపు షరతులున్నాయి. 2018 ప్రాంతంలో వచ్చిన పెట్రోలు పర్టిక్యులేట్ ఫిల్టర్ ధ్వనిని ఇంకా మెత్తబరిచింది. జపాన్‌లో దగ్గర నుంచి కొలిచే పరిమితి చాలాకాలం ముందు ఇంజిన్ కార్లకు 96, వెనుక ఇంజిన్ కార్లకు 100గా ఉండేది. 2010 ఏప్రిల్ తర్వాతి కార్లకు బిగించే మార్పిడి మఫ్లర్లకు వేగం పుంజుకునే పరీక్షలోనూ ధ్రువీకరణ తప్పనిసరైంది.

భారతదేశంలో ప్రయాణికుల కార్లకు తయారీ దశ పరిమితి 74 డెసిబెల్లు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వది సైలెన్సర్‌ను తప్పనిసరి చేసింది. తయారీదారు నిర్దేశించిన రూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా నిలబెట్టింది. 2019 సవరణ తర్వాత ధ్వని ప్రమాణం ఉల్లంఘిస్తే 190(2) సెక్షన్ కింద పదివేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సుపై మూడు నెలల అనర్హత ఉండవచ్చు. హైదరాబాద్, విశాఖపట్నం పోలీసులు స్వాధీనం చేసుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలర్‌తో తొక్కించిన సందర్భాలున్నాయి. వాటిలో అత్యధికం మోటారు సైకిళ్లవి. ఐరోపా ధ్రువీకరణ ముద్ర ఉన్న సైలెన్సర్ అయినా ఇక్కడ దానంతట అదే చట్టబద్ధం కాదు. అందువల్ల మార్పు చేసుకునేవారు కారుతో వచ్చిన అసలు సైలెన్సర్‌ను, దాని గాస్కెట్లు, హ్యాంగర్లతో సహా దాచిపెట్టుకోవడం అవసరం.